రేకుల షెడ్డు కింద బార్‌బెల్

2020 వేసవిలో బరువులెత్తే అలవాటున్న చాలామంది కుర్రవాళ్లకు ఇంట్లో దొరికిన సాధనం మంచినీళ్ల క్యాను. నిండుగా ఉంటే అది 20 కిలోల పైచిలుకు తూగుతుంది. ఒలింపిక్స్‌లో మగవాళ్లు ఎత్తే ఉత్త బార్ బరువు కూడా 20 కిలోలే. క్యానుకు ఒకటే లోపం: లోపలి నీళ్లు ఎటు పోతే మనిషీ అటు తూలాలి.

కరీంనగర్‌లో కొన్ని వీధులకు కరోనా కట్టడి దేశమంతటికన్నా ముందే వచ్చింది. మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. మూసిన జిమ్ములు తెరుచుకోవడానికి కేంద్రం ఆగస్టు 5 నుంచి అనుమతించింది. ఆ నాలుగు నెలల పైచిలుకు కాలంలో ఇసుక సంచులు, సిమెంటు పోసిన పెయింటు డబ్బాలు, పాత రాడ్లు పనికొచ్చాయి. కరోనా పోయింది కానీ ‘ఇంట్లోనే ఒక జిమ్ము పెట్టుకుంటే?’ అన్న ప్రశ్న మిగిలిపోయింది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఆ ప్రశ్నకు జవాబు అమెరికా వీడియోలు చెప్పేదానికన్నా వేరుగా ఉంటుంది.

ఎందుకంటే ముందు మాటే తిరకాసు. అక్కడ ‘గ్యారేజ్ జిమ్’ అంటే ఇంటికి అతుక్కుని రెండు కార్లు పట్టే, పైన కప్పు, కింద కాంక్రీటు, ముందు షట్టరు ఉన్న గది. బరువుల సామగ్రిలో నేడు పెద్ద పేరైన రోగ్ ఫిట్‌నెస్ కంపెనీ 2006లో ఒహాయో రాష్ట్రంలో అలాంటి గ్యారేజీలోనే మొదలైంది. డల్లాస్ శివార్లలో స్థిరపడిన జగిత్యాల అబ్బాయికి ఆ గది ఇంటితో పాటే వస్తుంది. కరీంనగర్‌లో గ్యారేజీ అంటే బండి రిపేరుకు ఇచ్చే చోటు. ఇక్కడి ఇంటికి ఉన్నవి వేరు: ముందర పోర్టికో, వెనక రేకుల షెడ్డు, అపార్ట్‌మెంటయితే సెల్లార్, అన్నిటికీ పైన మిద్దె. జిమ్ము వీటిలో ఏదో ఒకదానిలో ఇమడాలి.

తాలీంఖానా నుంచి

ఇనుము కొత్తది కావచ్చు, ఎత్తడం కొత్త కాదు. దండీలు, బస్కీలు, సంగడీలు, గద, గుండు ఉన్న తాలీంఖానాలు తెలంగాణ ఊళ్లకు తెలిసినవే. ఆదిలాబాద్ వైపు ఈ అలవాటుకు మరాఠీ గాలి కూడా తోడైంది. పెన్‌గంగ అవతల విదర్భలోని అమరావతిలో 1914లోనే హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ పుట్టింది. ఇవతల బైంసా, ముధోల్ ప్రాంతాల జాతరల్లో కుస్తీలు కొబ్బరికాయ పందెంతో మొదలై వెండి కడియం దాకా సాగుతాయి. ఆ పహిల్వాన్లకు అద్దాలు, ఏసీలు లేవు. మెత్తగా తవ్విన మట్టి ఉండేది, పక్కన నిలబడి తప్పు చెప్పే ఉస్తాదు ఉండేవాడు.

తెలుగువాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ చరిత్ర ఎక్కువగా కోస్తాలో జరిగింది. కృష్ణా జిల్లాకు చెందిన దండమూడి రాజగోపాల్ 1948 లండన్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. ‘నర్తనశాల’ సినిమాలో భీముడు ఆయనే. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి నీలంశెట్టి అప్పన్న శిక్షణలో ఎదిగింది. ఆమె 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో (నేల నుంచి ఒకే ఊపులో తల మీదికి) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, ఆపై తల మీదికి) 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు అదే తొలి ఏడు, భారత మహిళకు ఏ ఆటలోనైనా అదే తొలి పతకం. స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 338 కిలోలతో బంగారం గెలిచాడు.

ఉత్తర తెలంగాణకు ఇంత పేరు లేదు కానీ బరువుతో పరిచయానికి కొదవ లేదు. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ గనుల కార్మికులకు సింగరేణి నడిపే ఆటల పోటీల్లో వెయిట్‌లిఫ్టింగ్, పవర్‌లిఫ్టింగ్, బాడీ బిల్డింగ్ ఉన్నాయి. అక్కడ గెలిచినవాళ్లు కోల్ ఇండియా స్థాయి పోటీలకు వెళ్తుంటారు. హకీంపేట రాష్ట్ర క్రీడా పాఠశాలకు తోడుగా కరీంనగర్‌లో ఒకటి, ఆదిలాబాద్‌లో ఒకటి ప్రాంతీయ క్రీడా పాఠశాలలున్నాయి. వీటిలో నాలుగో తరగతి నుంచే పిల్లల్ని తీసుకుంటారు. ఇక కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యే కుర్రవాళ్లు మైదానానికొకరైనా ఉంటారు. పరుగు, లాంగ్ జంప్‌తో పాటు 7.26 కిలోల షాట్‌పుట్ విసరాలి కాబట్టి వాళ్లకూ ఇనుముతో పని పడుతుంది.

2022లో మొదలైన తెలంగాణ క్రీడా ప్రాంగణాలు ఊరూరా సింగిల్ బార్, డబుల్ బార్, లాంగ్ జంప్ గుంత తెచ్చాయి. పార్కుల్లో ఓపెన్ జిమ్ములు వచ్చాయి. ఇవన్నీ ఒంటి బరువుతో చేసే కసరత్తుకు చాలు. వారం వారం రెండున్నర కిలోలు పెంచుకుంటూ పోవాలనుకునేవాడికి మాత్రం బార్, ప్లేట్లు కావాలి. పట్టణంలో ఉన్నవాడు ప్రైవేటు జిమ్ముకు వెళ్తాడు. ఉట్నూరులోనో, చెన్నూరులోనో, కథలాపూర్‌లోనో ఉన్నవాడికి ఇంటి జిమ్ము సరదా కన్నా అవసరం.

చోటు లెక్క

మగవాళ్ల ఒలింపిక్ బార్ పొడవు 2.2 మీటర్లు, అంటే ఏడుంపావు అడుగులకు కాస్త తక్కువ. ఆడవాళ్ల బార్ 2.01 మీటర్లు. ప్లేటు ఎక్కించడానికి, దించడానికి అటూ ఇటూ రెండేసి అడుగులు వదలాలి. అంటే కనీసం పదకొండు అడుగుల వెడల్పు కావాలి. చాలా పోర్టికోలు పది అడుగులే ఉంటాయి. అలాంటిచోట బార్‌ను గేటుకు అడ్డంగా పెట్టకుండా, కారు నిలబడే దిశలో పొడవుగా పెడితే ఇబ్బంది తీరుతుంది. నూటయాభై గజాల ఇంట్లో కూడా ఈ లెక్క కుదురుతుంది, కాకపోతే కసరత్తు వేళకు కారు బయట ఉండాలి.

ఎత్తు సంగతి చాలామంది మరిచిపోతారు. అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి బార్‌ను తల మీదికి ఎత్తితే అది ఏడడుగులు దాటుతుంది. పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు, కాబట్టి బార్ పైన ఇంకో తొమ్మిది అంగుళాలు. మొత్తం ఎనిమిది అడుగుల దాకా పోతుంది. పది అడుగుల కప్పుకు ఇది చాలు కానీ, ఆ కప్పుకు వేలాడే ఫ్యానుకు చాలదు. ఇంటి జిమ్ములో ఫ్యాను గోడకు ఉండాలి.

ఇక అసలు గొడవ మిద్దె మీద. ఖాళీగా కనిపించేది అదే, గాలి వచ్చేది అక్కడే, నాలుగు రేకులు వేస్తే షెడ్డు తయారు. కుర్రవాళ్ల చూపు ముందు అక్కడికే పోతుంది. స్లాబు ఏం మోయగలదో చూద్దాం. భవనాల మీద పడే బరువుల గురించి చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ఇంటి గదులకు చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు, లెక్కలోకి తీసుకోమంటుంది. మనుషులు తిరిగే మిద్దెకు సుమారు 150 కిలోలు. జిమ్ములకు సుమారు 500 కిలోలు. పడకగదికి కట్టిన స్లాబు, జిమ్ముకు కట్టిన స్లాబు ఒకటి కావన్నమాట.

అయితే నిలకడగా ఉన్న బరువు అంత భయపెట్టేది కాదు. ఎనభై కిలోల మనిషి, నూటపాతిక కిలోల బార్ ఎనిమిదడుగుల చదరపు వేదిక మీద పరుచుకుంటే చదరపు మీటరుకు నలభై కిలోలు కూడా రాదు. నాలుగు మంచాల గది అంతకన్నా ఎక్కువే మోస్తుంది. దెబ్బంతా పడవేయడంలో ఉంది. నూరు కిలోల బార్ రెండు మీటర్ల ఎత్తు నుంచి పడి, రెండు సెంటీమీటర్ల లోపల ఆగితే ఆ క్షణంలో నేల మీద పడే సగటు ఒత్తిడి పది టన్నులు. రబ్బరు అణిగి ఆగే దూరాన్ని పెంచితే ఒత్తిడి తగ్గుతుంది, ఇనుము నేరుగా కాంక్రీటును గుద్దితే ఎన్నో రెట్లు పెరుగుతుంది. రోజుకు యాభై సార్లు, ఏడాదికి మూడు వందల రోజులు ఇలా జరిగితే స్లాబు పగుళ్లలోంచి వాననీరు దిగుతుంది, లోపలి చువ్వ తుప్పు పడుతుంది.

అందుకని నియమం సూటిగా ఉంది. స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్, బరువైన డెడ్‌లిఫ్ట్ నేల మీదే చేయాలి. మిద్దె తప్ప వేరే చోటు లేనివాళ్లు స్టాండులోంచి తీసి స్టాండులోనే పెట్టే స్క్వాట్, బెంచ్ ప్రెస్, డంబెల్ పనితో సరిపెట్టుకోవాలి. అప్పుడు కూడా సామానును స్లాబు నడుమ కాకుండా గోడలకు, దూలాలకు దగ్గరగా ఉంచాలి. పాత ఇల్లయితే ఇంజనీరుకు చూపించాకే మొదలుపెట్టాలి. సిరిసిల్లలో ఈ మాట ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. పొద్దస్తమానం దడదడలాడే సాంచాలు (మరమగ్గాలు) అక్కడి షెడ్లలో ఎక్కువగా నేల మీదే ఉంటాయి.

అద్దె ఇంటి సంగతి ఇంకా చిన్నది. యజమాని ఒప్పుకున్నా పక్కింటి ముసలాయన ఒప్పుకోవాలి. తెల్లవారుజామున అయిదింటికి గోడ అవతల దభీమని శబ్దం వస్తే ఆ స్నేహం వారం కూడా నిలవదు.

నేల

టైల్స్ మీద బార్ పెట్టకూడదు. షాబాద్ బండ, గ్రానైట్ కూడా అంతే. కరీంనగర్ గ్రానైట్ దేశాలు దాటి పోయేంత పేరున్న రాయి, కానీ గట్టిదనం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు. అంచు మీద పడ్డ ఇనుప ప్లేటు దాన్ని బద్దలు చేస్తుంది. బాగా కుదించిన మొరం మీద నాలుగైదు అంగుళాల కాంక్రీటు, పైన చెక్క, రబ్బరు ఉంటే ఆ నేల ఏళ్ల తరబడి నిలుస్తుంది.

పోటీ వేదిక నాలుగు మీటర్ల చదరం. ఇంటికి అంత అక్కర్లేదు, ఎనిమిదడుగుల చదరం చాలు. దీన్ని ఏ వడ్రంగి అయినా ఒక పూటలో వేయగలడు. ఎనిమిది బై నాలుగు అడుగుల, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీట్లు అయిదు కావాలి. కింద రెండు నిలువుగా, వాటి మీద రెండు అడ్డంగా. ఆ పైన నడుమ ఒక షీటు, మనిషి నిలబడేది దాని మీద. దానికి అటూ ఇటూ మిగిలే రెండేసి అడుగుల పట్టీల్లో రబ్బరు, ప్లేట్లు పడేది అక్కడ. స్క్రూ తలలు చెక్కలోకి దిగిపోవాలి. ప్లైవుడ్ విషయంలో ఐఎస్ 710 ముద్ర చూసి తీసుకోవడం మేలు. తేమకు నిలబడే మెరైన్ రకం అది. చెదలు ఉన్న పెరట్లో మందు కొట్టించకుండా చెక్క పరిస్తే రెండు వానాకాలాలు గడవవు.

రబ్బరుకు అమెరికన్లు గుర్రాల కొట్టంలో వేసే మ్యాట్లు వాడతారు. మన దగ్గర గుర్రాల కన్నా పాడి ఎక్కువ. పశువుల కొట్టాల్లో వేసే కౌ మ్యాట్ సరిగ్గా ఆ పనికే కుదురుతుంది. కరీంనగర్ డెయిరీ పాలు పోసే రైతుల ఊళ్లలో దీన్ని చూపించి చెప్పాల్సిన పని లేదు. సాధారణంగా ఆరున్నర అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 17 మిల్లీమీటర్ల అటూ ఇటూ మందంతో వస్తుంది. మధ్యకు పొడవుగా కోస్తే రెండడుగుల పట్టీలు రెండు, అంటే ఒక మ్యాట్ వేదిక రెండు పక్కలకూ సరిపోతుంది. మందం కూడా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు ఇంచుమించు సమానం కాబట్టి కాలికి మెట్టు తగలదు. పొడవులో మిగిలే అడుగున్నర మేర ప్లైవుడ్ ముక్కలతో నింపేయవచ్చు.

బొగ్గు బెల్టులో ఇంకో దారి ఉంది. గనుల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో, విద్యుత్ కేంద్రాల్లో వాడి తీసేసిన కన్వేయర్ బెల్టు. ఇది చాలా గట్టి రబ్బరు. వేలంలో అమ్మిన తుక్కయితే, బిల్లు ఉన్నదైతేనే కొనాలి. ఒంటరిగా వాడితే ఇది కౌ మ్యాట్ అంత మెత్తగా దెబ్బను మింగదు, రెండు పొరలు వేయాలి.

బార్ ఒకటే కొనాలి, మంచిది కొనాలి

ఆన్‌లైన్‌లో ‘హోమ్ జిమ్ కాంబో’ పేరుతో వచ్చే పెట్టెలో సాధారణంగా ఒక అయిదడుగుల రాడ్డు, ఒక వంకర రాడ్డు, రెండు డంబెల్ రాడ్లు, ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు నింపిన ప్లేట్లు ఉంటాయి. మొదటి ఆరు నెలలకు చేతి కండల వరకు ఇవి పనికొస్తాయి. ఇబ్బంది తర్వాత మొదలవుతుంది. ఈ ప్లేట్ల రంధ్రం సన్నరాడ్డుకు సరిపోయేది, ఒలింపిక్ బార్ చివర్లు 50 మిల్లీమీటర్లు. రేపు మంచి బార్ కొంటే పాత ప్లేట్లు ఒక్కటీ ఎక్కవు. సిమెంటు ప్లేటు రెండుసార్లు కింద పడితే లోపల పొడి అవుతుంది. మొదట్లోనే 50 మిల్లీమీటర్ల రకానికి వెళ్లినవాడు రెండుసార్లు డబ్బు పెట్టక్కర్లేదు.

బార్ పట్టుకునే భాగం మందం మగవాళ్లకు 28 మిల్లీమీటర్లు, ఆడవాళ్లకు 25. ఆడవాళ్ల బార్ 15 కిలోలు. బలహీనులకని చేసింది కాదది, చేతి పట్టుకు తగ్గట్టు చేసింది. ఇంట్లో అమ్మాయి కూడా ఎత్తేటట్టయితే ఈ బార్ కొనడం దుబారా కాదు. జిమ్ములో మగవాళ్ల చూపులు, వేళల పట్టింపులు అడ్డమయ్యే ఊళ్లలో ఇంటి జిమ్ము వల్ల ఎక్కువ లాభపడేది ఆడపిల్లలే.

బార్‌ను చూడగానే తెలిసేది మెరుపు. చూడాల్సింది మాత్రం రెండు గుణాలు. చివర్లు తేలిగ్గా తిరగాలి, లేకపోతే స్నాచ్‌లో ప్లేట్ల తిరుగుడు మణికట్టు మీదికి వస్తుంది. బరువుకు వంగి మళ్లీ నిటారుగా రావాలి. లేత్ మిషన్ షాపులో మెత్తని ఉక్కు కడ్డీతో చేయించిన బార్ వంగుతుంది, తిరిగి రాదు. స్వీడన్‌కు చెందిన ఎలైకో కంపెనీ ఒకప్పుడు వాఫుల్ ఇనుపపెనాల వంటి వంటింటి కరెంటు సామాన్లు చేసేది. 1950ల చివర బార్ల తయారీలోకి వచ్చింది. 1963 స్టాక్‌హోమ్ ప్రపంచ పోటీల్లో దాని బార్ విరగకుండా, వంగకుండా నిలిచాకే పేరు మోగింది. ఇంటికి ఎలైకో అక్కర్లేదు. మీరట్, జలంధర్ మన దేశంలో ఆట సామగ్రికి పెద్ద కేంద్రాలు, బేరింగో బుషింగో ఉన్న ఒలింపిక్ బార్లు స్వదేశీ తయారీలోనే దొరుకుతాయి. కొనేముందు అమ్మేవాడిని ఉక్కు తన్యత ఎంత అని అడగాలి. మంచి బార్లకు 1,90,000 పీఎస్ఐ దగ్గర చెప్తారు. అంకె చెప్పలేని బార్‌ను ఎంత మెరుస్తున్నా అక్కడే వదిలేయాలి.

ప్లేట్లలో రెండు రకాలు. ఇనుపవి చవక, సన్నగా ఉంటాయి, స్క్వాట్‌కు బెంచ్‌కు చాలు. పడవేయడానికి పనికిరావు. రబ్బరుతో పోసిన బంపర్లు ఖరీదైనా నేలను, బార్‌ను, చెవులను కాపాడతాయి. పెద్ద బంపర్లన్నీ 45 సెంటీమీటర్ల వ్యాసంతోనే ఉంటాయి. అందువల్ల నేల మీద ఉన్న బార్ ఎప్పుడూ ఇరవైరెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. చిన్న ఇనుప ప్లేట్లు వేస్తే బార్ కిందికి దిగిపోతుంది, దాన్ని అందుకోవడానికి నడుము గుండ్రంగా వంగుతుంది. కొత్తవాళ్ల నడుము నొప్పికి ఇదొక కారణం. పది కిలోల జత అయినా బంపర్లలో తీసుకోవడం అందుకే.

ఎంత కొనాలి? రెండు ఇరవైలు, రెండు పదిహేనులు, రెండు పదులు, రెండు అయిదులు, రెండు రెండున్నరలు, రెండు ఒకటింబావులు: మొత్తం 107.5 కిలోలు. బార్‌తో కలిపి 127.5. మామూలు మనిషికి రెండు మూడేళ్ల సాధనకు ఇది సరిపోతుంది. రంగులు కూడా భాషే: పోటీల్లో ఎరుపు 25, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10.

ప్లేటు మీద రాసిన అంకెను నమ్మక్కర్లేదు. పోటీ ప్లేటులో ఇరవై కిలోలకు ఇరవై గ్రాములు ఎక్కువ, పది గ్రాములు తక్కువ దాకానే ఒప్పుకుంటారు. చవక ప్లేటులో తేడా వందల గ్రాముల్లో ఉండొచ్చు. కుడిపక్క ఒకలా, ఎడమపక్క ఒకలా ఎత్తి భుజం నొప్పి తెచ్చుకునే బదులు, కిరాణా కొట్టు కాటా మీద ఒక్కో ప్లేటు తూచి వెనక పెయింటుతో అసలు బరువు రాసుకుంటే సరి. పత్తి మార్కెట్ కాటా దగ్గర గ్రాము గ్రాముకూ కొట్లాడే ఆదిలాబాద్ జిల్లాలో ఇది ఎవరికీ చాదస్తం అనిపించదు.

వెల్డింగ్ షాపు చేయగలిగేది, చేయలేనిది

బార్ తప్ప మిగతా చాలా సామాను ఊళ్లోనే తయారవుతుంది. మంచిర్యాలలో, రామగుండంలో, కాగజ్‌నగర్‌లో ఫ్యాక్టరీల పని చేసి చెయ్యి తిరిగిన వెల్డర్లకు కొదవ లేదు. స్క్వాట్ స్టాండు, బెంచీ, ప్లేట్లు పెట్టుకునే స్టాండు, పుల్-అప్ బార్ వాళ్ల చేతిలో చిన్న పనులు. స్టాండుకు కనీసం రెండంగుళాల చదరపు పైపు, మూడు మిల్లీమీటర్ల మందం ఉండాలి. గేట్లకు వాడే పలుచని పైపు ఇవ్వబోతే వద్దనాలి. నిలువు పైపుల్లో రెండంగుళాలకొక రంధ్రం డ్రిల్లు చేయిస్తే బార్ పెట్టే కొక్కేలు ఎత్తు మార్చుకోవచ్చు. గ్యాస్‌తో కాల్చి చేసిన రంధ్రం సమంగా రాదు, పిన్ను వదులవుతుంది. నాలుగు కాళ్లనూ యాంకర్ బోల్టులతో కాంక్రీటుకు బిగించాలి.

అన్నిటికన్నా ముఖ్యం, సేఫ్టీ పిన్నులు. స్క్వాట్‌లో లేవలేకపోతే, బెంచ్‌లో బార్ ఛాతీ మీద ఆగిపోతే, ఆ బరువును పట్టుకోవాల్సినవి ఈ రెండు అడ్డకడ్డీలే. జిమ్ములో పక్కన ఒకడు ఉంటాడు, ఇంట్లో ఉండడు. పిన్నులు లేని బెంచ్ మీద ఒంటరిగా పడుకుని బరువెత్తడం ఇంటి జిమ్ములో జరగగల అతి పెద్ద ప్రమాదం. ఎంత చెప్పినా పిన్నులు పెట్టించనివాళ్లు కనీసం ప్లేట్లకు క్లిప్పులు బిగించకుండా ఉండాలి. గండం వచ్చినప్పుడు బార్‌ను పక్కకు ఒరిపిస్తే ప్లేట్లు జారిపోతాయి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకో జాగ్రత్త. గోడకు ఆనించి పెట్టిన ఇరవై కిలోల ప్లేటు పసివాడి కాలి మీద పడడానికి ఒక్క తోపు చాలు. ప్లేట్లు స్టాండు మీద, షెడ్డుకు తాళం.

ఎండ, వాన, దుమ్ము

ప్రతి మే నెలలో రాష్ట్రంలో ఎక్కడ ఎండ ఎక్కువ కాసిందని చూస్తే రామగుండం, ఆదిలాబాద్ పేర్లు పై వరుసలో కనిపిస్తాయి. రేకుల షెడ్డులో మధ్యాహ్నం ఎండకు బార్ చేతికి చుర్రుమంటుంది. షెడ్డు కప్పుకు తెల్లటి కూల్ రూఫ్ పూత వేయడం తక్కువ ఖర్చుతో అయ్యే మొదటి పని. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. రేకు కింద అడుగు ఖాళీ వదిలి తడికెనో థర్మాకోల్ సీలింగో వేస్తే ఇంకొంత చల్లబడుతుంది. ఎంత చేసినా వేసవిలో బరువులెత్తే వేళ పొద్దున అయిదు నుంచి ఏడు వరకే. చెమటతో పోయిన ఉప్పు వెనక్కి రావాలంటే మజ్జిగలో ఉప్పు కలుపుకోవాలి.

డిసెంబరులో అదే ఆదిలాబాద్ వణికిస్తుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగిన పొద్దున చల్లని ఇనుము పట్టుకుని నేరుగా బరువెత్తడం కీళ్లకు చేటు. పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కేదాకా ఉత్త బార్‌తో పని చేయాలి.

వానాకాలం బార్‌కు శత్రువు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటి వాన కురిసే ఆదిలాబాద్‌లో, మూడు పక్కలా తెరిచి ఉన్న పోర్టికోలో, తడి గాలికి బార్ గరుకు భాగంలో తుప్పు చేరుతుంది. వారానికోసారి నైలాన్ బ్రష్షుతో రుద్ది, కుట్టు మిషన్ నూనె పలుచగా పూసి, పొడిబట్టతో తుడిస్తే సరిపోతుంది. ఇత్తడి తీగ బ్రష్షు కూడా పనికొస్తుంది, ఉక్కు బ్రష్షు పూతను లేపేస్తుంది. బొగ్గు ఊళ్లలో సన్నటి నల్లదుమ్ము బార్ చివర్ల లోపలికి చేరి తిరుగుడును బిగిస్తుంది. పని అయ్యాక పాత దుప్పటి కప్పడం చిన్న అలవాటే కానీ బేరింగుల ఆయుష్షు పెంచుతుంది.

ఫోనులో దొరకనిది

పైవన్నీ డబ్బుతో అయ్యే పనులు. స్నాచ్ నేర్చుకోవడం డబ్బుతో అయ్యే పని కాదు. బార్ నేల నుంచి తల మీదికి వెళ్లేది సెకనుకు కాస్త అటూ ఇటూ. ఆ వేగంలో మోచేయి ముందు వంగిందా, బార్ ఒంటికి దూరం జరిగిందా అన్నది ఎత్తేవాడికి తెలియదు, చూసేవాడికే తెలుస్తుంది. మల్లీశ్వరి వెనక అప్పన్న ఉన్నది అందుకే. స్క్వాట్, ప్రెస్, డెడ్‌లిఫ్ట్ మాత్రం ఓపిక ఉంటే ఫోను కెమెరాను పక్కన పెట్టుకుని, తేలిక బరువుతో, చాలా మటుకు సొంతంగా దిద్దుకోవచ్చు.

కాబట్టి ఒలింపిక్ పద్ధతి నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందు శిక్షకుడిని వెతుక్కోవాలి, తర్వాత ప్లైవుడ్ కొనాలి. కరీంనగర్ అంబేడ్కర్ స్టేడియంలోనో, ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలోనో, కొత్త జిల్లాలయితే యువజన, క్రీడా శాఖ కార్యాలయంలోనో అడిగితే దగ్గర్లో ఎవరు నేర్పుతున్నారో తెలుస్తుంది. బొగ్గు ఊళ్లలో సింగరేణి పోటీల్లో ఎత్తిన పాత లిఫ్టర్లను అడగవచ్చు. మూడు నెలలు వాళ్ల కళ్ల ముందు చేసి, ఆ తర్వాత ఇంట్లో సాధన చేసి, నెలకోసారి వెళ్లి చూపించుకుంటే ఇంటి జిమ్ముకు సార్థకత ఉంటుంది. పిల్లలకు మొదటి బార్ చీపురు కర్రో ప్లాస్టిక్ పైపో. కదలిక కుదిరాకే ఇనుము.

తూచి చూస్తే

ఇంటి జిమ్ము అందరికీ అక్కర్లేదు. నడిచిపోయే దూరంలో మంచి జిమ్ము, అందులో ఒక వేదిక, నేర్పే మనిషి ఉన్నవాడికి అదే లాభం. ఆ మూడింటిలో రెండు లేనివాడికి, నేల మీద పదకొండు అడుగుల చోటు ఉన్నవాడికి ఇంటి జిమ్ము పనికొస్తుంది. మిద్దె మాత్రమే ఉన్నవాడు ఒలింపిక్ లిఫ్టుల ఆలోచన మానుకోవడం మేలు.

ఖర్చు పెట్టే వరుస కూడా స్పష్టమే. మొదట కాంక్రీటు, వేదిక. రెండోది మంచి బార్. మూడోది 107.5 కిలోల ప్లేట్లు, వీలైనన్ని బంపర్లలో. నాలుగోది సేఫ్టీ పిన్నులున్న స్టాండు, బెంచీ. అద్దాలు, మిషన్లు, ట్రెడ్‌మిల్ ఈ జాబితాలో లేవు. నలుగురు స్నేహితులు కలిసి ఒకరి పెరట్లో పెట్టుకుంటే ఖర్చు నాలుగో వంతు అవుతుంది, బెంచ్ మీద పడుకున్నప్పుడు పక్కన నిలబడే మనిషీ దొరుకుతాడు. మొదలుపెట్టదలచినవారు ఈ ఆదివారం టేపు పట్టుకుని పోర్టికో పొడవు, వెడల్పు, ఫ్యాను ఎత్తు కొలవండి. ఆ మూడు అంకెలు రాసుకున్నాకే బార్ ధర అడగండి.